కుక్క కరిస్తే ముందు నల్లా దగ్గరికి, ఆ తర్వాత దవాఖానకు

కుక్క కరిచిందని తెలియగానే మన దగ్గర అందరూ అడిగే మొదటి మాట "పిచ్చికుక్కనా, మామూలు కుక్కనా?" అని. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు సబ్బు పట్టుకుని నల్లా కిందికి పొండి. నల్లగొండ టౌన్‌లో అపార్ట్‌మెంట్ అయినా, దేవరకొండ వైపు తండా అయినా, అమ్రాబాద్ అడవిలో చెంచు పెంట (చెంచుల గూడెం) అయినా ఇంత సబ్బుముక్క, నాలుగు బిందెల నీళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, రేబిస్‌ను, అంటే పిచ్చికుక్క కాటుతో వచ్చే జబ్బును, ఆపే మొదటి మందు ఆ రెండే. "కడుగుతాం కదా" అని చాలామంది అంటారు కానీ మనం కడిగేది చెంబెడు నీళ్లు పోసి తువ్వాలతో తుడిచేయడం. కావాల్సింది 15 నిమిషాలు.

కాలి పిక్క మీద కరిచిందనుకోండి. ప్యాంటు గానీ చీర గానీ గాయం మీద నుంచి పూర్తిగా తీసేయండి, బట్టకు అంటిన చొంగ మళ్లీ గాయంలోకే పోతుంది. బోరు మోటరు వేసి పైపు పెట్టినా సరే, నల్లా తిప్పినా సరే, ఏదీ లేకపోతే ఒకరు చెంబుతో ఆపకుండా పోస్తూనే ఉండాలి. ఒంటి సబ్బు, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు, ఏదైనా పనికొస్తుంది. బాగా నురగ పెట్టి, కోరపళ్లు దిగిన చిల్లుల్లోకి నీళ్లు పోయేలా రెండు పక్కలా చర్మాన్ని వేళ్లతో కొంచెం విడదీసి కడగాలి. గట్టిగా రుద్ది పుండు పెద్దది చేయొద్దు. ఫోన్లో టైమర్ పెట్టండి, ఎందుకంటే పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మూడు నిమిషాలే పావుగంటలా అనిపిస్తుంది, అక్కడే ఆపేస్తాం. కడిగేవాళ్ల చేతికి గాయాలుంటే గ్లవ్స్ లేదా ప్లాస్టిక్ కవర్ తొడుక్కోండి. కడిగాక ఇంట్లో బెటాడిన్ ఉంటే పోయండి, లేకపోతే దాని కోసం మెడికల్ షాపుల చుట్టూ తిరగకుండా నేరుగా దవాఖానకు బయల్దేరండి.

ఇంత సాధారణమైన పని ఎందుకు పనిచేస్తుందంటే ఈ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది. సబ్బు ఆ కొవ్వును విడగొడుతుంది, పొర చిరిగితే వైరస్ ఇక దేనికీ అంటుకోలేదు. కరోనా టైంలో చేతులు సబ్బుతో కడుక్కోమన్నది కూడా ఇదే కారణానికి.

ఇక గాయం మీద పెట్టకూడనివి: కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకు పసరు, నూనె. వాత అసలే పెట్టొద్దు. కారం పెడితే విషం లాగేస్తుందని పెద్దవాళ్లు ఎంతో ప్రేమతోనే చెప్తారు, కానీ కారం, సున్నం పుండును కాల్చి, చొంగను ఇంకా లోపలికి నెడతాయి, పైగా ఆ పసరు ఇచ్చే మనిషి ఊరు వెతుక్కుంటూ పోయేసరికి పూట గడిచిపోతుంది. గుడ్డతో బిగించి కట్టొద్దు, గాయాన్ని తెరిచే ఉంచండి. కుట్లు కూడా వెంటనే వేయించొద్దు. పెద్ద గాయమై రక్తం ఆగక కుట్లు తప్పదంటే, సీరం (వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకునే మందు, దాని సంగతి కింద ఉంది) ఎక్కించిన తర్వాతే, వదులుగా వేస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి టీటీ సూది వేయించుకుని "కుక్క సూది అయిపోయింది" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టీటీ ధనుర్వాతానికి. అది కూడా కావాలి, కానీ రేబిస్‌ను అది ఆపలేదు.

వైరస్ ఎటు పోతుంది, ఎందుకు తొందర

రేబిస్ వైరస్ పాము విషంలా రక్తంలో పోదు. కండరంలో, చర్మం కింద ఉండే నరాల కొసలను పట్టుకుని వాటి లోపలికి దూరుతుంది. ప్రతి నరం లోపలా ఒక రవాణా ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, కొస దగ్గరి సరుకును వెన్నుపాము వైపు మోసుకుపోతుంది. 2014లో టెల్ అవీవ్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని ప్రయోగశాలలో నరకణాల్లో కళ్లారా చూశారు: నరం కొసన ఉండే పీ75 అనే గ్రాహకాన్ని (కణం పైన కొక్కెంలా ఉండే ప్రొటీన్‌ను) పట్టుకుంటే, ఆ దారిలో మామూలుగా పోయే సరుకు కన్నా రేబిస్ వైరస్సే వేగంగా పోతోంది. ఊరూరా ఆగే పల్లెవెలుగు వదిలేసి ఎక్స్‌ప్రెస్ ఎక్కినట్టన్నమాట. వెన్నుపాము చేరాక ఒక నరకణం నుంచి దానికి ఆనుకుని ఉన్న నరకణానికి దాటుకుంటూ మెదడుకు పోతుంది. ఈ గుణం ఎంత కచ్చితమైనదంటే 2007లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడ్వర్డ్ కాలవే బృందం ఈ వైరస్ జన్యువుల్లో ఒకటి తీసేసి, ఒక్క అడుగు మాత్రమే దాటేలా మార్చి, మెదడులో ఏ కణం ఏ కణానికి కలిసి ఉందో కనిపెట్టడానికి వాడింది. ఇవాళ ప్రపంచమంతా మెదడు పటాలు గీసేవాళ్లకు అది మామూలు పనిముట్టు.

మనకు కావాల్సిన విషయం ఏంటంటే, నరంలోకి దూరిన వైరస్ మన రోగనిరోధక కణాలకు దాదాపుగా కనబడదు. అందుకే కరిచిన తర్వాత వారాల తరబడి మనిషికి ఏమీ ఉండదు, పనికి పోతాడు, అన్నం తింటాడు, "నాకేం కాలేదు, సూదులెందుకు" అంటాడు. కరిచిన దగ్గర్నుంచి లక్షణాలు బయటపడే దాకా సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, కొందరిలో వారం, కొందరిలో ఏడాది. ముఖం, మెడ, చేతివేళ్ల మీద కాటైతే గడువు తక్కువ, ఎందుకంటే మెదడుకు దూరం తక్కువ లేదా అక్కడ నరాలు దట్టంగా ఉంటాయి. చిన్నపిల్లలు కుక్క నోటి ఎత్తులోనే ఉంటారు కాబట్టి వాళ్లకు ముఖం మీదే కాటు పడుతుంటుంది. పిల్లల విషయంలో ఒక్క పూట కూడా ఆగొద్దని చెప్పేది ఇందుకే.

వైరస్ మెదడుకు చేరాక కూడా మన శరీరం దాన్ని పట్టుకోలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. మెదడుకూ రక్తానికీ మధ్య ఒక గట్టి అడ్డుగోడ ఉంటుంది, రేబిస్‌లో అది తెరుచుకోదు. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీలో క్రెయిగ్ హూపర్ బృందం ఎలుకల్లో ఆ గోడ తెరుచుకునేలా చేస్తే, చావాల్సిన ఎలుకలు కొన్ని బతికాయి. అంటే మన రక్షణ దళం ఉన్నా లోపలికి పోలేకపోతోంది. లక్షణాలు మొదలైన తర్వాత మనిషి పరిస్థితి చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. దాహంగా ఉంటుంది, గ్లాసు చేతికి తీసుకుంటాడు, నీళ్లు పెదవికి తగలకముందే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, ఊపిరి ఆడదు, గ్లాసు విసిరేస్తాడు. తర్వాత నీళ్ల చప్పుడు విన్నా, ఫ్యాను గాలి తగిలినా అదే. పిచ్చెక్కి అలా చేస్తున్నాడని అనుకోకండి, చాలాసేపు మనిషి పూర్తి తెలివితో ఉంటాడు. 2017లో అలాస్కా యూనివర్సిటీ పరిశోధకులు ఈ వైరస్ పైనున్న ప్రొటీన్‌లో ఒక ముక్క పాము విషంలోని ఒక ముక్కను పోలి ఉందని, అది మెదడులోని గ్రాహకాలను అడ్డుకుని ఎలుకల ప్రవర్తననే మారుస్తోందని చూపించారు. కుక్క ఎందుకు ఊరంతా ఉరికి కనబడ్డవాటినల్లా కరుస్తుందో అర్థం చేసుకోవడానికి అది ఒక దారి.

లక్షణాలు వచ్చాక బతికినవాళ్లు ప్రపంచంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2004లో అమెరికాలో ఒక అమ్మాయిని కోమాలో ఉంచి బతికించిన పద్ధతి పెద్ద వార్త అయింది, తర్వాత అదే పద్ధతి ఎందరి మీద ప్రయత్నించినా నమ్మకంగా పనిచేయలేదు. కాబట్టి గెలవగలిగేది వైరస్ నరంలోకి పోకముందే.

దవాఖానలో ఏం అడగాలి

అన్ని కాట్లకూ ఒకే వైద్యం ఉండదు, డాక్టర్లు మూడు రకాలుగా చూస్తారు. కుక్కను ముట్టుకున్నా, అన్నం పెట్టినా, గాయం లేని చర్మాన్ని అది నాకినా ఏమీ అక్కర్లేదు, కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గీరినా, చర్మాన్ని పళ్లతో మెల్లగా కొరికినా టీకా కావాలి. రక్తం వచ్చిందా, తెగిన చర్మం మీద నాకిందా, చొంగ కంట్లోనో నోట్లోనో పడిందా, అప్పుడు టీకాతో పాటు సీరం కూడా తప్పనిసరి. ఈ మూడో రకంలో ఒక్క చుక్క రక్తమైనా సరే, చిన్న గీతే కదా అని వదలొద్దు.

టీకా, సీరం రెండూ వేరు. టీకా వేశాక మన ఒంట్లో సరిపడా యాంటీబాడీలు (వైరస్‌ను పట్టుకుని అడ్డుకునే ప్రొటీన్లు) తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ మధ్యలో గాయం దగ్గర కాపలా ఎవరు? దానికే సీరం. అది రెడీమేడ్ యాంటీబాడీలు, మనుషుల నుంచి గానీ గుర్రాల నుంచి గానీ తీసినవి. మనుషుల సీరం అయితే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రపు సీరం అయితే 40. యాభై కిలోల మనిషికి గుర్రపు సీరం 2000 యూనిట్లకు మించకూడదు. ఇప్పుడు ల్యాబులో తయారయ్యే మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా మన దేశంలోనే తయారవుతున్నాయి, సీరం ఇంస్టిట్యూట్ వాళ్ల రేబీషీల్డ్, జైడస్ వాళ్ల ట్విన్‌రాబ్ అలాంటివే.

ఇక్కడ దగ్గరుండి చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. సీరాన్ని గాయంలోకి, గాయం చుట్టూ ఎక్కించాలి. ఒక్కో పంటి చిల్లులోకి సూది పెట్టి కొంచెం కొంచెం వదలాలి, నొప్పిగా ఉంటుంది, పిల్లలైతే ఇద్దరు పట్టుకోవాలి. ఆ నొప్పి చూడలేక, లేదా రద్దీలో, తొడకో పిరుదుకో ఒక్క పోటు పొడిచి పంపితే వైరస్ ఉన్న చోటికి మందు చేరనట్టే. మర్యాదగానే అడగండి: "సార్, సీరం గాయంలోకే ఇస్తున్నారు కదా?" చిన్నపిల్లకు గాయాలు ఎక్కువై మందు చాలకపోతే సెలైన్‌తో పలచన చేసి అన్ని గాయాలకూ సరిపెడతారు, డోసు మాత్రం పెంచరు. మొదటి టీకా వేసిన రోజే సీరం దొరక్కపోతే ఏడు రోజుల లోపు ఇప్పించుకోవచ్చు, ఆ తర్వాత అక్కర్లేదు, అప్పటికి మన ఒంట్లో మన సొంత యాంటీబాడీలే తయారవడం మొదలవుతుంది. పీహెచ్‌సీల్లో టీకా దొరికినా సీరం పెద్ద దవాఖానల్లోనే దొరికే అవకాశం ఎక్కువ. కాబట్టి రక్తం వచ్చిన కాటైతే మొదటి టీకా దగ్గర్లో వేయించుకుని, సీరం ఉందో లేదో ఫోన్‌లో కనుక్కుని నల్లగొండ, మహబూబ్‌నగర్ జనరల్ హాస్పిటళ్ల వంటి చోటికి అదే రోజు పొండి.

సర్కారు దవాఖానల్లో టీకా చర్మంలోకి వేస్తారు. రెండు భుజాలకు ఒక్కోటి 0.1 మి.లీ., వేసిన చోట చిన్న బొబ్బలా లేస్తుంది, లేస్తేనే సరిగ్గా పడినట్టు. అంత తక్కువ మందు ఎలా సరిపోతుందని అనుమానం అక్కర్లేదు, చర్మంలో రోగనిరోధక వ్యవస్థకు కబురు మోసే కణాలు దండిగా ఉంటాయి, అందుకే కొంచెం మందుతోనే పని అవుతుంది. రోజుల లెక్క 0, 3, 7, 28. సోమవారం మొదటిది పడితే గురువారం రెండోది, పై సోమవారం మూడోది, మొదటిదానికి సరిగ్గా నాలుగు వారాలకు వచ్చే సోమవారం నాలుగోది. ప్రైవేటులో కండకు వేసే పద్ధతైతే అయిదు: 0, 3, 7, 14, 28. ఏ పద్ధతైనా భుజానికి, పసిపిల్లలకైతే తొడ ముందు వైపు. పిరుదుకు వేస్తే వద్దని చెప్పండి, అక్కడి కొవ్వులో టీకా సరిగ్గా పనిచేయదు. ఒకసారి తెరిచిన సీసాను కొన్ని గంటల్లో వాడేయాలి కాబట్టి "ఇంకో నలుగురు వస్తే తెరుస్తాం, రేపు రండి" అనే మాట ఎక్కడైనా వినబడితే ఒప్పుకోవద్దు, మొదటి డోసు ఆ రోజే పడాలి.

పొట్ట చుట్టూ 14 సూదులు అని భయపడి దవాఖానకు రానివాళ్లు ఇంకా ఉన్నారు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత సెంపుల్ టీకా. నొప్పి సంగతి అలా ఉంచితే, అందులోని మెదడు పదార్థం వల్ల కొందరికి నరాల జబ్బులే వచ్చేవి. 2004లోనే మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పటివి కణాల్లో పెంచి తయారుచేసే టీకాలు, వాటిలో ఒకటైన అభయ్‌రాబ్ తయారుచేసే కంపెనీ మన హైదరాబాద్‌దే.

మధ్యలో ఆపేయడమే మన పెద్ద సమస్య

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 2022-23లో 15 రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే లాన్సెట్ అంటువ్యాధుల పత్రికలో వచ్చింది. ఏడాదికి దాదాపు 91 లక్షల జంతువుల కాట్లు, 5,726 రేబిస్ చావులు అని అంచనా. కుక్క కరిచినవాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరు ఒక్క టీకా కూడా వేయించుకోలేదు, మూడు డోసులు వేయించుకున్నవాళ్లు మూడింట రెండొంతులే. మందు తయారయ్యేది మన పక్కనే, సర్కారు దవాఖానలో ఉచితం, అయినా ఇన్ని ప్రాణాలు పోతున్నాయంటే కడుపు తరుక్కుపోతుంది.

పాలమూరు వైపు నుంచి పని కోసం హైదరాబాద్, ముంబై, పూణె పోయేవాళ్లకు ఇది ముఖ్యం: మొదటి రెండు సూదులు ఊళ్లో పడి, మేస్త్రీ పిలిచాడని బండెక్కేస్తే మూడోది పడదు. చీటీని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, మిగతావి ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చు, కంపెనీ మారినా పర్వాలేదు. ఒక రోజు తప్పితే తెల్లారి పొండి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు. కుక్క కరిచి నెల దాటినా, ఇప్పుడు గుర్తొచ్చినా, వెళ్లి మొదలుపెట్టండి, ఆలస్యమైందని మానేయొద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు అందరూ వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. పథ్యం ఏమీ లేదు, వంకాయ, గోంగూర, గుడ్డు, కోడికూర మామూలుగానే తినండి. కల్లు తాగాననే కారణంతో డోసు ఎగ్గొట్టొద్దు. మలేరియాకో కీళ్లవాతానికో క్లోరోక్విన్ మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టర్‌కు చెప్పండి, అది చర్మంలోకి వేసే టీకా బలాన్ని తగ్గిస్తుంది. ఇంతకుముందు పూర్తి కోర్సు చేసుకున్నవాళ్లకు మళ్లీ కరిస్తే సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, అందుకే పాత చీటీలు పారేయొద్దు.

కోతి కరిచినా, పిల్లి గీరినా ఇదే పద్ధతి. మన ఊళ్లలో కోతుల బెడద తెలిసిందే కదా. రెండు నెలల కుక్కపిల్ల కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, తల్లికో తోటి పిల్లకో ఉంటే దానికీ రేబిస్ వస్తుంది, పిల్లలు ఎత్తుకుని ఆడేది వాటినే. ఇంట్లో ఎలుక కొరికితే మామూలుగా రేబిస్ టీకా అవసరం పడదు.

అప్పుడప్పుడు ఒక బర్రె పిచ్చెక్కి చచ్చిపోయిందని, దాని పాలు తాగినవాళ్లంతా దవాఖాన ముందు క్యూ కడతారు. కాచిన పాలతో రేబిస్ రాదు, పాలు తాగి రేబిస్ వచ్చిందని నిర్ధారణ అయిన మనిషి లేడు. టెన్షన్ పడాల్సింది ఆ బర్రె నోట్లో చేయి పెట్టినవాళ్లు.

కరిచిన కుక్కను ఏం చేయాలి

చంపొద్దు. కనబడే కుక్కైతే పది రోజులు గమనించండి. రేబిస్ వచ్చిన కుక్క చొంగలో వైరస్ కనిపించేది అది జబ్బు పడటానికి కొద్ది రోజుల ముందు నుంచే, ఆ తర్వాత త్వరగానే చచ్చిపోతుంది. పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే కరిచిన రోజు దాని చొంగలో వైరస్ లేనట్టే, అప్పుడు మిగతా సూదులు ఎలా చేయాలో డాక్టర్ చెప్తారు. కానీ ఆ పది రోజులు చూసి సూది మొదలుపెడదాం అని ఆగొద్దు, రెండూ ఒకేసారి నడవాలి. పెంపుడు కుక్క, దానికి టీకా వేయించాం అన్నా సరే.

పిచ్చికుక్క అంటే అరుస్తూ కరిచేదే అనుకుంటాం. కొన్ని మూలకు పోయి చప్పుడు లేకుండా పడుకుంటాయి, కింది దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేవు. గొంతులో బొక్క ఇరుక్కుందేమో అని యజమాని నోట్లో చేయి పెడతాడు. పశువుల్లో కూడా ఇదే జరుగుతుంది. అన్నం నీళ్లు ముట్టకుండా చొంగ కారుస్తున్న కుక్క, బర్రె, మేక ఏదైనా సరే, నోట్లో చేయి పెట్టకుండా పశువుల డాక్టర్‌ను పిలవండి.

గొర్లు, మేకలు కాసేవాళ్లు మందలో జీవాన్ని పిచ్చికుక్క కరిస్తే దాని గాయాన్నీ ఇదే లెక్కన సబ్బుతో పావుగంట కడగండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. పశువులకు కూడా కాటు తర్వాత వేసే టీకాలు ఉన్నాయి, 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. దాన్ని మందలోంచి వేరు చేసి కట్టేయండి. కాపలా కుక్కలకు మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత ప్రతి ఏడాది ఒకటి. జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు) నాడు పశువుల దవాఖానల్లో ఉచితంగా వేస్తుంటారు, ఊరి కుక్కలను కూడా పట్టుకెళ్లొచ్చు. ఒక ఊళ్లో కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వాటి మధ్య రేబిస్ తిరగడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊళ్లో ఉన్న కుక్కలెన్నో సర్పంచ్, పంచాయతీ సెక్రటరీతో కలిసి ముందే లెక్కేసి పశువుల డాక్టర్‌కు చెప్తే ఆ రోజుకు సరిపడా టీకాలు తెప్పించి పెడతారు.